మ్యాగీకి క్యాలెండర్ తెలియదు

మన దగ్గర జనవరి నెలాఖరంటే ఏముంటుంది? సంక్రాంతి అరిసెల డబ్బా అడుగు కనిపిస్తుంటుంది. ఊరెళ్లొచ్చిన ఫొటోలన్నీ స్టేటస్‌లలో పెట్టేయడం అయిపోయి ఉంటుంది. ఇంటర్ పిల్లలున్న ఇంట్లో టీవీ సౌండ్ తగ్గి ఉంటుంది.

నేనుండే సౌత్ డకోటాలో మాత్రం జనవరి 31కి వేరే లెక్కుంది. అది ఫెజెంట్ వేటకి ఆఖరి రోజు. అక్టోబర్ మూడో శనివారం మొదలైన సందడి ఆ రోజు సూర్యుడు దిగడంతో క్లోజ్. ఫిబ్రవరి 1 పొద్దున్న ఇవే పొలాలు, ఇవే పక్షులు, ఇవే కుక్కలు. వేట మాత్రం లేదు.

నాకు తుపాకీ లేదు, లైసెన్స్ లేదు, తీసుకునే ఆలోచన కూడా లేదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా లాప్‌టాప్ ముందు కూర్చునే జీవిని. కానీ మా పక్కింటి పెద్దాయన వేటకెళ్తుంటే నాలుగేళ్లుగా ఆయన వెనక నడుస్తున్నాను. మొదట్లో ఫొటోల కోసం వెళ్లాను. తర్వాత కుక్కల కోసం వెళ్లడం మొదలైంది. వేట మంచిదా చెడ్డదా అన్న డిబేట్‌లోకి ఈ వారం దిగడం లేదు. నేను చెప్పాలనుకుంటున్నది ఒక్కటే: ఎప్పుడు ఆపాలి, ఎవరు ఆపాలి.

గ్రీన్‌కార్డ్ వచ్చేసిన పక్షి

ముందు ఫెజెంట్ అంటే ఏంటో చూద్దాం. మన నెమలి, కోడి, కౌజు ఉన్న కుటుంబంలోదే ఇది కూడా. పుంజుని చూస్తే ఎవరో తీరిగ్గా కూర్చుని రంగులేసినట్టుంటుంది. ఆకుపచ్చగా మెరిసే తల, కళ్ల చుట్టూ ఎర్రటి చర్మం, మెడకి తెల్లటి పట్టీ, రాగి రంగు ఒళ్లు, బారెడు తోక. పెట్ట మాత్రం ఎండుగడ్డి రంగులో ఉంటుంది. గూడు మీద కూర్చుంటే పక్కనుంచి నడిచెళ్లినా కనపడదు.

ఇది అసలు అమెరికా పక్షే కాదు. చైనాది. షాంఘైలో అమెరికా కాన్సుల్‌గా పనిచేసిన ఓవెన్ డెన్నీ 1880ల మొదట్లో వీటిని ఓడలో ఒరెగాన్‌కి పంపించాడు. మొదటి విడతలో చాలావరకు చచ్చిపోయాయి. తర్వాతి విడత నిలదొక్కుకుంది. సౌత్ డకోటాలో 1908-09 ప్రాంతంలో స్పింక్ కౌంటీ రైతులు తెచ్చి వదిలారు. 1919లో మొట్టమొదటి వేట సీజన్ పెట్టారు. అది కూడా ఒక్క కౌంటీలో, ఒకే ఒక్క రోజు. 1943 వచ్చేసరికి ఈ ఫెజెంటే రాష్ట్ర పక్షి!

అంటే చైనా నుంచి వచ్చిన పిట్టకి 35 ఏళ్లలో రాష్ట్ర హోదా ఇచ్చేశారు. మనవాళ్లు గ్రీన్‌కార్డ్ లైన్‌లో ఎన్నేళ్లుగా నిలబడ్డారో మళ్లీ నేను చెప్పక్కర్లేదు.

మూడు పుంజులు, ఒక టైం

రూల్స్ చాలా సింపుల్. ఒక మనిషికి రోజుకి 3 పుంజులు. పెట్టని కొట్టకూడదు. పొద్దున 10 నుంచి సూర్యాస్తమయం వరకే. కొట్టింది పుంజే అని చూపించడానికి కాలో తలో ఈకలున్న రెక్కో ఇంటికెళ్లేదాకా పక్షికి అలాగే ఉంచాలి.

పుంజుల్నే ఎందుకు? కోళ్లు పెంచిన ఇంట్లో పుట్టినవాళ్లకి వెంటనే అర్థమవుతుంది. ఒక పుంజు చాలా పెట్టలతో జతకడుతుంది. కొన్ని పుంజులు తగ్గినా వసంతంలో గుడ్లు తగ్గవు. పెట్ట పోతే మాత్రం దాంతోపాటు పదీ పన్నెండు గుడ్ల గూడు పోయినట్టే. అందుకే పక్షి లేవగానే చూసినవాళ్లు గట్టిగా అరుస్తారు, ‘రూస్టర్!’ అనో ‘హెన్!’ అనో. ఎండ ఎదురుగా ఉంటే రంగు తెలియదు. రంగు తెలియకపోతే తుపాకీ దించాలి. నాలుగేళ్లుగా నాకున్న ఒకే ఒక్క డ్యూటీ ఆ అరుపు.

మధ్యలో ఒక మాట. మన దేశంలో 1972 వన్యప్రాణి చట్టం వచ్చాక ఇలాంటి సరదా వేటకి చోటే లేదు. ఊరి చివర కౌజు కనిపించిందని ఎవరైనా వల పట్టుకుంటే అది నేరం. కాబట్టి ఇది చదివి ఎవరూ ఇన్‌స్పైర్ కావద్దు బాబూ!

ముక్కుతో చదివే పొలం

కుక్క లేకుండా కూడా ఈ వేట చేయొచ్చు. కానీ పక్షి పక్కనే ఉన్నా దాటుకుని వెళ్లిపోతాం. ఒకవేళ కొట్టినా, గడ్డిలో పడ్డ పక్షి చాలాసార్లు దొరకదు. గాయపడి పరిగెత్తిన పక్షిని వెతికి పట్టడం మనిషి వల్ల అయ్యే పని కాదు. పెద్దాయన దృష్టిలో కుక్క ఉండాల్సింది అందుకే ముందు. ‘కొట్టి వదిలేసిన పక్షి కంటే సిగ్గుచేటు ఇంకోటి లేదు’ అంటాడు.

వేటకుక్కల్లో స్థూలంగా రెండు రకాల పనివాళ్లున్నారు. స్పానియల్, లాబ్రడార్ లాంటివి గడ్డిలో దూరి పక్షిని లేపుతాయి. తుపాకీకి అందే దూరంలోనే ఉండి పనిచేయాలి. పాయింటర్, సెట్టర్ లాంటివి వేరు. గాలిలో వాసన తగలగానే ఉన్నచోట ఆగిపోతాయి. ఒక కాలు గాల్లో, తోక నిటారుగా, ముక్కు పక్షి వైపు. మనం ‘స్టాచ్యూ’ ఆట ఆడేవాళ్లం కదా, అచ్చం అలాగే. మనిషి నడిచొచ్చి పక్షిని లేపేదాకా కదలకూడదు. పరిగెత్తి పట్టేసుకోవాలన్న కోరిక ఒళ్లంతా వణికిస్తుంటుంది. అయినా ఆగుతుంది. నాకు ఈ మొత్తం వ్యవహారంలో బాగా నచ్చింది ఆ ఆగడమే.

పెద్దాయన దగ్గర రెండు కుక్కలున్నాయి. రెండూ జర్మన్ షార్ట్‌హెయిర్డ్ పాయింటర్లే. చిన్నదానికి 3 ఏళ్లు. పెద్దదానికి 11. పెద్దదాని పేరు మ్యాగీ. నూడుల్స్‌కి సంబంధం లేదు, నేను మొదటి రోజే అడిగేశాను.

జనవరి పక్షి వేరు

అక్టోబర్‌లో పక్షులు అమాయకంగా ఉంటాయి. చాలావరకు ఆ ఏడాది పుట్టినవే. జనవరి చివరికి మిగిలినవి మాత్రం డిస్టింక్షన్‌లో పాసైన బ్యాచ్. ట్రక్కు డోర్ గట్టిగా పడిందా, పొలం అవతలి చివర్నుంచి ఎగిరిపోతాయి. ఎగరనివి పరిగెడతాయి. మైనస్ చలిలో మొక్కజొన్న మోళ్ల మధ్య దాక్కోవడానికి ఏమీ ఉండదు కాబట్టి జమ్ము పెరిగిన మడుగుల్లో గుంపులుగా చేరతాయి. మన కొల్లేరు దగ్గర కనిపించే జమ్ము లాంటిదే ఇక్కడా ఉంటుంది, మనిషి ఎత్తున. అక్టోబర్‌లో అక్కడ అడుగేస్తే మోకాలి లోతు బురద. జనవరిలో అంతా గడ్డకట్టి ఉంటుంది కాబట్టి మంచు మీద లోపలికి నడిచెళ్లొచ్చు.

ఆ నడక కుర్ర కుక్కకే కష్టం. అలాంటిది, ఆఖరి రోజు పెద్దాయన ట్రక్కులోంచి మ్యాగీని దించాడు. చిన్నదాన్ని లోపలే ఉంచి తలుపేశాడు. అది లోపల్నుంచి ఒకటే ఏడుపు.

మ్యాగీకి తుంటి కీళ్ల నొప్పులు. చెవులు సగం పోయాయి. విజిల్ వేస్తే వినపడదు కాబట్టి ఈ సీజన్ అంతా చేతి సైగలే. చేయి పైకెత్తితే ఆగాలి, పక్కకి చూపిస్తే అటు వెళ్లాలి. అందుకని అది ప్రతి ఇరవై అడుగులకీ ఓసారి వెనక్కి తిరిగి ఆయన మొహం చూస్తుంది. డాక్టర్ చెప్పింది కూడా అంతే: కాసేపు నడిపించండి, అలిసిపోకముందే ఆపేయండి.

మధ్యాహ్నం రెండున్నర. మైనస్ 9 డిగ్రీలు. వాయవ్యం నుంచి గాలి. గాలికి ఎదురు నడిస్తేనే వాసన కుక్క ముక్కుకి చేరుతుంది కాబట్టి మడుగు చుట్టూ తిరిగొచ్చి ఆగ్నేయం వైపునుంచి దిగాం. మంచు పైపొర అప్పడంలా విరుగుతోంది. మ్యాగీ పరిగెత్తలేదు, నడిచింది. తల పైకెత్తి, గాలిని ముక్కలు ముక్కలుగా చదువుకుంటున్నట్టు.

పది నిమిషాల్లో మొదటి పాయింట్. పెద్దాయన ముందుకెళ్లి జమ్ముని తన్నాడు. గోధుమ రంగు పక్షి లేచింది. ‘హెన్!’ అని నా డ్యూటీ నేను చేశాను. తుపాకీ లేవలేదు. మ్యాగీ ఎగిరిపోతున్న పెట్టని చూసింది, ఆయన్ని చూసింది. దాని లెక్కలో ఏదో పూర్తి కాలేదు. పుంజూ పెట్టా తేడా చట్టానికి తెలుసు గానీ ముక్కుకి ఏం తెలుసు!

రెండో పాయింట్ ఇంకా పెద్ద కథ. ఆగింది. పెద్దాయన దగ్గరికొచ్చేలోగా పక్షి జమ్ములోంచి పరిగెత్తిపోయింది. మ్యాగీ నాలుగడుగులేసి మళ్లీ ఆగింది. మళ్లీ కదిలింది. ఇలా పావుగంట. కుర్ర కుక్క అయితే దూసుకెళ్లి పక్షిని దూరంగానే లేపేసేది. ఇది తొందరపడలేదు. కంచె మూలకి జమ్ము అయిపోయింది. పక్షికి ఇక పరిగెత్తడానికి చోటు లేదు. అక్కడ మ్యాగీ చివరిసారి బిగుసుకుపోయింది. వెనక కాళ్లు వణుకుతున్నాయి. చలికో, నొప్పికో, ఆత్రానికో తెలియదు.

పుంజు కూస్తూ లేచింది. ఒకే ఒక్క షాట్. పక్షి మడుగు అవతల మంచు మీద పడింది.

ముసలి కుక్క తెచ్చిన పక్షి

పడిన చోటు అరవై అడుగులుంటుందేమో. కుర్ర కుక్కకి ఇరవై సెకన్ల పని. మ్యాగీ వెళ్లింది, నోట కరుచుకుంది, సగం దూరం వచ్చి కింద పెట్టేసింది. నిలబడి ఊపిరి పీల్చుకుంది. మళ్లీ కరుచుకుంది. పది అడుగులొచ్చి మళ్లీ పెట్టింది.

‘మనం వెళ్లి తెచ్చేసుకోవచ్చు కదా’ అన్నాను.

‘అది దాని పని’ అన్నాడు పెద్దాయన. ఆయన ఒక్క అడుగు కూడా ముందుకెయ్యలేదు. మోకాళ్ల మీద కూర్చుని చేయి చాచి ఉన్నాడు. నాలుగు నిమిషాలు పట్టింది. చివరికి పక్షి ఆయన చేతిలో పడింది. ఆయన దాని తల నిమిరాడు, పక్షి రెక్క సర్దాడు, లేచాడు. తుపాకీ తెరిచి మిగిలిన తూటా తీసి జేబులో వేసుకున్నాడు.

టైం చూశాను. మూడూ నలభై. సూర్యాస్తమయం అయిదున్నర దగ్గర. ‘ఇంకా దాదాపు రెండు గంటలుంది. ఇంకో రెండు పుంజులకి లెక్కుంది’ అన్నాను.

‘నాకుంది. దీనికి లేదు.’

‘చిన్నదాన్ని దించొచ్చుగా?’

‘ఈరోజు దీనిది.’

అంతే. చర్చ లేదు. కానీ మ్యాగీ ఒప్పుకోలేదు. అది అప్పటికే మళ్లీ జమ్ము వైపు తిరిగింది. చేయెత్తితే చూసీ చూడనట్టు ముఖం తిప్పేసుకుంది. ఇంకో పక్షి వాసన తగిలిందో ఏమో. పెద్దాయన దగ్గరికెళ్లి మెడకి తాడు వేశాడు. వేట పొలంలో తాడు వేయడం నేను అదే చూడటం. లాగుతోంది. కాలు కుంటుతోంది, అయినా లాగుతోంది. వదిలితే చీకటి పడేదాకా వెతుకుతుంది, పడిపోయేదాకా వెతుకుతుంది. ఆపమని దాని ఒళ్లు చెప్తున్నా అది వినదు.

ట్రక్కు దగ్గర ఆయనే ఎత్తి ఎక్కించాడు. పాతిక కిలోల కుక్కని, అరవై తొమ్మిదేళ్ల మనిషి. నేను సాయం పట్టబోతే వద్దన్నాడు. దారిలో అన్నాడు, ‘ఇది నా అయిదో కుక్క. వెనకున్నది ఆరోది. దానికి దీని వయసు వచ్చేసరికి నాకు డెబ్బై ఏడు.’ తర్వాత ఊరు వచ్చేదాకా రేడియోలో వాతావరణం వార్తలే.

వేటగాళ్లు ఏళ్లని ఇలా లెక్కపెడతారని నాకు అప్పటిదాకా తెలియదు. ఒక కుక్కకి మంచి సీజన్లు ఎనిమిదో తొమ్మిదో. ఒక మనిషికి అయిదారు కుక్కలు. జనవరి 31న వీళ్లు దిగులుపడేది పక్షులు దొరకలేదని కాదు. పదిలోంచి ఒకటి తగ్గినందుకు.

గరాజ్‌లో, తర్వాత వంటింట్లో

ఇంటికొచ్చాక అసలు పని మొదలైంది. గోరువెచ్చటి నీళ్లతో నాలుగు పాదాలూ కడగడం. వేళ్ల మధ్య గడ్డకట్టిన మంచు ఉండలు కరిగించడం. అరికాళ్లకి కోతలున్నాయేమో చూడటం. కళ్ల కింది రెప్ప లాగి గడ్డి గింజలున్నాయేమో వెతకడం. కొన్ని గడ్డి గింజలకి బాణం ములికిలా మొన ఉంటుంది. చెవిలోనో, వేళ్ల మధ్యనో దిగితే లోపలికే వెళ్తుంటాయి తప్ప బయటికి రావు. ఆ పనికి అరగంట పట్టింది. అప్పటిదాకా ఆయన తన తడి సాక్సులు కూడా విప్పుకోలేదు.

ఆ పుంజుని నాకిచ్చాడు. ఫెజెంట్‌కి కొవ్వు తక్కువ. బ్రాయిలర్ కోడిలా వండితే రబ్బరే. నాటుకోడి పద్ధతిలో వెళ్లాను. అల్లం వెల్లుల్లి, మిరియాలు, ధనియాల పొడి, చివర్లో కొబ్బరి. కాళ్ల ముక్కల్ని గంటసేపు సన్నటి మంట మీద, రొమ్ము ముక్కల్ని ఆఖరి పది నిమిషాల్లో. తింటుంటే పంటికింద టక్కుమని ఒక స్టీల్ పెల్లెట్ తగిలింది. తీసి కంచం అంచున పెట్టాను. ట్రేలో ప్యాక్ చేసిన చికెన్‌లో ఇలా ఏదీ తగలదు. అది ఒకప్పుడు పరిగెత్తిందని ఎవరూ గుర్తుచేయరు.

నాగలిని ఆపేదెవరు?

ఇప్పుడు అసలు ప్రశ్న. చట్టం వేటగాణ్ణి ఆపుతుంది. వేటగాడు కుక్కని ఆపుతాడు. మరి పక్షికి ఎక్కువ నష్టం చేస్తున్నది తుపాకీయేనా? కాదు. పుంజుల్ని మాత్రమే కొట్టే ఈ పద్ధతిలో పక్షుల సంఖ్య తుపాకీ వల్ల పెరగదు, తగ్గదు. తేల్చేది గడ్డి. ఏప్రిల్, మే నెలల్లో పెట్ట గూడు కట్టడానికి దుబ్బు గడ్డి కావాలి. 23 రోజులు పొదగాలి. పిల్లలకి మొదటి వారాల్లో పురుగులు కావాలి. చలికాలంలో జమ్ము కావాలి. దున్నేస్తే ఇవేవీ ఉండవు.

1985లో అమెరికా ప్రభుత్వం ఒక పథకం పెట్టింది. కోతకి గురయ్యే భూముల్ని సాగు చేయకుండా గడ్డి పెంచితే రైతుకి ఏటా అద్దె ఇస్తారు. ఒప్పందం 10 నుంచి 15 ఏళ్లు. 2007లో దేశం మొత్తం మీద ఇలాంటి భూమి 3.6 కోట్ల ఎకరాలు దాటింది. తర్వాత మొక్కజొన్న, సోయా ధరలు పెరిగాయి, ప్రభుత్వం కూడా పరిమితి తగ్గించింది. 2015కల్లా 2.5 కోట్ల ఎకరాల లోపుకి పడిపోయింది. ఒప్పందం అయిపోయిన రైతు దున్నుకుంటే తప్పు పట్టలేం, అప్పులు ఆయనకీ ఉంటాయి. ఇంకోవైపు, 1937 నాటి చట్టం ప్రకారం వేట తుపాకులు, తూటాల మీద 11 శాతం పన్ను వన్యప్రాణుల సంరక్షణకే వెళ్తుంది. అంటే పెద్దాయన జేబులోకి తిరిగెళ్లిన ఆ తూటా కూడా కొంచెం గడ్డి కొన్నట్టే.

ఇదంతా అమెరికా గోల అనుకోకండి. మన కడప జిల్లా లంకమల దగ్గర కలివికోడి ఉంది కదా. 1900 తర్వాత ఎవరికీ కనపడక, లేనే లేదనుకున్న పక్షి. 1986 జనవరిలో దాన్ని రాత్రిపూట టార్చి వెలుగులో పట్టుకున్నది ఐతన్న అనే స్థానికుడు. పిట్టల జాడ తెలిసిన మనిషి. శాస్త్రవేత్తలు ఏళ్లుగా వెతుకుతున్నదాన్ని ఊరివాడి కళ్లు పట్టేశాయి. ఆ పక్షిని కూడా ఎవరో వేటాడి తినేయడం వల్ల ఈ గతి పట్టలేదు. అది బతికే పలచటి ముళ్లపొదల నేల మన కళ్లకి బీడులా కనిపిస్తుంది. బీడంటే ఖాళీ అనుకుంటాం. ఖాళీ అనుకున్నదాన్ని చదును చేసేస్తాం. దాని కోసం ఏ తేదీ ఉండదు, ఏ సూర్యాస్తమయం ఉండదు.

మీ ఇంట్లో ఒకటి ఉంటే

మీలో చాలామంది ఇళ్లలో కుక్కలున్నాయని తెలుసు. ఫ్లాట్‌లో లాబ్రడార్, ఊళ్లో దేశవాళీ. ఒక చిన్న మాట. అది ముసలిదైందని అది చెప్పదు. మీరు బంతి విసిరినంతసేపూ తెస్తుంది. ఆట అయ్యాక పడుకుని లేవడానికి టైం తీసుకుంటోందా, మెట్ల దగ్గర ఒక్క క్షణం ఆగుతోందా, పిలిస్తే పలకడం తగ్గిందా గమనించండి. బంతి మీ చేతిలో ఉంది కాబట్టి ఆట ఆపడం కూడా మీ పనే. ఆపితే అలుగుతుంది. అలగనివ్వండి.

సీజన్ మళ్లీ అక్టోబర్‌లో మొదలవుతుంది. అప్పటికి మ్యాగీకి పన్నెండు దగ్గరపడుతుంది. ఉంటే పొలంలోకి దించనని పెద్దాయన తేల్చేశాడు. ఇంట్లో వదిలెళ్లడం కూడా కుదరదట, బూట్లు బయటికి తీస్తే చాలు తలుపుకి అడ్డంగా పడుకుంటుంది. అందుకని దానికో చోటు చూసిపెట్టాడు. ట్రక్కు ముందు సీటు, కింద పాత దుప్పటి, గాలొచ్చే వైపు అద్దం నాలుగు వేళ్లు దించి.